సొట్టలున్న పిస్టన్లు

ఆ శుక్రవారం ఉదయం అమ్మోగారికి ఉన్న పని ఒక్కటే. పార్సెలు వస్తే తీసుకోవాలి. ఆ పేరు ఆవిడకు వీధివాళ్లు పెట్టింది. పాలు పొంగితే "అమ్మో!" అని, పొంగకపోతే "అమ్మో, విరిగిపోయాయేమో!" అని అనే మనిషికి అంతకంటే నప్పే పేరు ఎవరికీ తోచలేదు.

ఆవిడ కూతురు ఇంటి వెనక షెడ్డులో రేసు కార్ల ఇంజన్లు చూస్తుంది. ఇన్నాళ్లూ ఎవరో కట్టినవి విప్పి బాగుచేయడమే తప్ప, మొత్తం ఇంజను నువ్వే కట్టు అని ఆమె చేతికిచ్చినవాళ్లు లేరు. ఇప్పుడు ఒక డ్రైవరు నమ్మి ఇచ్చాడు. ఆదివారం రేసు. కొలతలు పంపి ప్రత్యేకంగా చేయించిన నాలుగు పిస్టన్లు, వాటికింద తిరిగే ఒక క్రాంక్‌షాఫ్టు ఆ రోజు రావాలి. ఈ ఇంజను కుదిరితే షెడ్డు నిలబడుతుంది. కుదరకపోతే ఆ డ్రైవరు ఊళ్లోని పెద్ద షెడ్డుకు పోతాడు, అతని వెనకే మిగతావాళ్లూ పోతారు. ఈ సంగతి కూతురు తల్లికి ఒక్కసారే చెప్పింది. తల్లి వారం నుంచి నిద్రపోలేదు.

"అమ్మా, నేను ఇంజను బ్లాకు తీసుకుని లేతు దగ్గరికి వెళ్తున్నా. ఆ చప్పుడులో ఫోను వినపడదు. పార్సెలొస్తే పెట్టె విప్పి, దెబ్బలేమైనా తగిలాయేమో చూసి సంతకం పెట్టు. ఇంకేం చెయ్యకు."

"నేనేం చేస్తానే?"

"బోల్టులు గుర్తున్నాయా?"

గుర్తున్నాయి. జిడ్డుగా ఉన్నాయని సబ్బు పెట్టి తోమి ఆరబెట్టింది. సాయంత్రానికి అన్నీ తుప్పు పట్టాయి. అప్పటినుంచి ఆవిడకు షెడ్డులోకి ప్రవేశం లేదు.

తొమ్మిదిన్నరకు పార్సెలు బండి వచ్చింది. పెట్టె బరువని పార్సెలాయన బండిని వెనక్కి నడిపి గేటు లోపలికి తెచ్చాడు.

"తొందరగా సంతకం పెట్టండమ్మా, ఇంకా పద్దెనిమిది చోట్ల తిరగాలి."

"ఉండు బాబూ, చూడకుండా ఎలా పెడతాను?"

ఆవిడ చదువు ఏడో తరగతితో ఆగిపోయింది గాని, గిన్నెలు కొనడంలో ఆవిణ్ణి మోసం చేసిన దుకాణదారు ఇంతవరకు పుట్టలేదు. పిస్టన్నూ అలాగే పట్టుకుంది. వెలుతురులోకి తెచ్చి తిప్పింది, గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది. మోత బాగుంది. బోర్లించిన వెండిగిన్నెలా తళతళలాడుతోంది. కానీ నెత్తిమీద రెండు సొట్టలు!

రెండోది తీసింది. రెండు సొట్టలు. మూడోది, నాలుగోది, అంతే. క్రాంక్‌షాఫ్టు మీది కాగితం విప్పింది. అది వంకరటింకరగానే ఉంటుందని కూతురు ముందే చెప్పింది కనక వంకరలను క్షమించింది. కానీ చిల్లులుంటాయని చెప్పలేదు. ఇనుములోకి వేలు దూరేంత చిల్లులు, ఒకటి కాదు, ఐదు.

"అమ్మో! సరుకంతా నాశనం చేసి తెచ్చావు కదయ్యా!"

"నేనేం చేశానమ్మా? పెట్టెకు గీత కూడా పడలేదు!"

"అయితే లోపల సొట్టలెలా పడ్డాయి?"

ఆవిడ గేటుకు తాళం వేసి తాళంచెవి గుప్పిట్లో బిగించింది. తర్వాత అతనికి కుర్చీ వేసి టీ కూడా ఇచ్చింది.

"కోప్పడకు బాబూ. నువ్వు మంచివాడిలాగే ఉన్నావు. కానీ మా అమ్మాయి వచ్చేదాకా నిన్ను వదలను."

కూతురి ఫోను మోగి మోగి ఆగిపోయింది. అప్పుడు ఆవిడ ఆలోచన ఇంకో దారి పట్టింది. ఈ సొట్ట పిస్టన్లే ఎలాగోలా బిగిస్తారు. ఇంజను పేలుతుంది. లోపల ఉన్న ఆ డ్రైవరుకు ఒక తల్లి ఉంటుంది. ఆ తల్లిని తలుచుకోగానే ఆవిడకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గోడమీద రాసున్న నంబరు చూసి డ్రైవరుకు ఫోను చేసింది.

"నాయనా, ఆదివారం ఆ బండెక్కకు. నా మాట విను. పిస్టన్లన్నీ సొట్టలు పోయాయి, క్రాంక్‌షాఫ్టుకు చిల్లులు పడ్డాయి."

"ఏంటి పిన్నిగారూ? నాలుగూనా?"

"నాలుగూనూ! నీకేమన్నా అయితే మీ అమ్మకు నేను మొహం ఎలా చూపించను?"

డ్రైవరు ఆమె భయాన్ని పంచుకోలేదు గాని, వార్తను పూర్తిగా నమ్మాడు. రెండు రోజుల్లో వేరే పిస్టన్లు ఎవరిస్తారు? అరగంట తిరక్కుండా అతను పెద్ద షెడ్డు యజమానిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పెద్దమనిషి ఊరికే రాలేదు. ఇంజను ఎత్తుకుపోవడానికి గొలుసులూ, కప్పీ, ఒక ట్రక్కూ తెచ్చుకున్నాడు.

"ఆడపిల్ల ఒక్కతే ఎంతని చేస్తుందిలెండి," అన్నాడాయన గేటు బయటినుంచి, ఎంతో జాలిగా. "ఆ ఇంజను మాకిచ్చెయ్యండి. మా దగ్గరున్న పాత పిస్టన్లతో ఎలాగో లాక్కొస్తాం. ఏదీ, ఆ సొట్టలు చూడనివ్వండి."

"మా అమ్మాయి చూడకముందు ఎవ్వరికీ చూపించను," అంటూ ఆవిడ పెట్టె మూసి దానిమీద కూర్చుంది. కానీ ఆ ట్రక్కును చూశాకే తను చేసిన పని ఆవిడకు అర్థమైంది. కూతురి పని పోకూడదని ఫోను చేస్తే, ఆ ఫోనే పనిని తీసుకుపోయేవాణ్ణి గుమ్మంలోకి తెచ్చింది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది.

ఇక మిగిలింది ఫ్యాక్టరీ ఒక్కటే. పెట్టెమీది నంబరుకు చేసి, కూతురి పేరూ సొట్టల సంగతీ చెప్పింది. చెవి దగ్గర పెట్టుకుంటే మెదడుకు మంచిది కాదని ఎవరో చెప్పినప్పటినుంచి ఆవిడ ఫోను ఎప్పుడూ స్పీకర్లోనే పెడుతుంది. అందుచేత ఫ్యాక్టరీ ఫోర్‌మన్ గొంతు గేటు బయటిదాకా వినపడింది.

"సొట్టలా? ఎక్కడమ్మా, పిస్టన్ నెత్తిమీదా?"

"ఆ! నెత్తిమీదే!"

"గుండ్రంగా, నున్నగా, అన్నిటికీ ఒకే చోట ఉన్నాయా?"

"అవును. ఎవరో పనిగట్టుకుని కొట్టినట్టున్నాయి."

"పనిగట్టుకునే కొట్టామమ్మా. వాటిని చెయ్యడానికే మా మిషను సగం రోజు తిరుగుతుంది. పిస్టన్ పైకొచ్చేటప్పటికి వాల్వులు కిందికి దిగుతాయి. రెండూ గుద్దుకోకుండా వాల్వులకి అక్కడ చోటు వదులుతాం."

"మరి చిల్లులు?"

"అవీ మేమే. ఒక పక్క బరువెక్కువైతే అంత వేగంలో తిరిగేటప్పుడు అదురుతుంది. అందుకని అక్కడక్కడ తొలిచి బరువు సమం చేస్తాం."

గేటు బయట పెద్ద షెడ్డు యజమాని పగలబడి నవ్వాడు. డ్రైవరు నవ్వాపుకోలేక అటు తిరిగాడు. "నేను ముందే చెప్పాను కదమ్మా," అన్నాడు పార్సెలాయన, నిజానికి అలాంటిదేమీ చెప్పకపోయినా. సరిగ్గా ఆ క్షణాన కూతురు ఆటోలో బ్లాకు వేసుకుని వచ్చింది. గేటుకు తాళం, లోపల ఒక బండి, బయట ఒక ట్రక్కు, పెట్టెమీద తల్లి.

"అమ్మా! మళ్లీ ఏం చేశావే?"

ఆవిడ ఏడవలేదు. వెళ్లి తాళం తీసి పక్కకు నిలబడింది. ఆవిడ అలా తలొంచుకుని నిలబడటం ఎవరూ ఎన్నడూ చూడలేదు. "పోనీలెండి పిన్నిగారూ," అన్నాడు డ్రైవరు, నవ్వు ఆపేసి.

ఫోర్‌మన్ మాత్రం ఇంకా ఫోనులోనే ఉన్నాడు, ఉత్సాహంగా ఉన్నాడు. "ఇంతకీ ఒక్కోదానికి ఎన్ని సొట్టలు పడ్డాయమ్మా? కంప్లైంటు రాసుకోవాలి కదా!"

"రెండేసి," అంది ఆవిడ, వినీ వినపడనట్టు.

"రెండా?" ఫోర్‌మనూ కూతురూ ఒక్కసారే అన్నారు. ఇద్దరి గొంతుల్లోనూ నవ్వు లేదు.

కూతురు ఒక్క గెంతులో వచ్చి పెట్టె తెరిచింది. "మా ఇంజన్లో సిలిండరుకి నాలుగు వాల్వులు సార్. నాలుగు సొట్టలు ఉండాలి. ఇవి మావి కావు!"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత ఫోర్‌మన్ గొంతు బాగా సన్నబడి వచ్చింది. "అమ్మాయ్, నిన్న ఒకే ఊరికి రెండు పెట్టెలు పంపాం. చీటీలు తారుమారైనట్టున్నాయి. రెండు సొట్టలవి పెద్ద షెడ్డువి."

పెద్ద షెడ్డు యజమాని నవ్వు సగంలో ఆగిపోయింది. ఆయన రేసు కూడా ఆదివారమే.

"అలాంటి పెట్టె ఇంకోటి నా బండిలోనే ఉంది," అన్నాడు పార్సెలాయన. "ఇక్కణ్ణించి తిన్నగా వీరి షెడ్డుకే పోవాలి. ఈ అమ్మగారు పోనిస్తే కదా!"

పోనిచ్చి ఉంటే మర్నాడు సాయంత్రం బిగించబోయేదాకా ఎవరికీ తెలిసేది కాదు. ఆ గంటలో మార్చుకోవడానికి దారీ ఉండేది కాదు. ఈ లెక్క అక్కడున్న ప్రతివాళ్లూ ఎవరికి వాళ్లే వేసుకున్నారు. ఇంజను కోసం వచ్చిన ట్రక్కులో పెద్ద షెడ్డు యజమాని తన పెట్టె మాత్రం ఎక్కించుకుని, గొలుసులు గలగలమనకుండా చుట్టబెట్టుకుని వెళ్లిపోయాడు.

పార్సెలాయన రెండో పెట్టె షెడ్డులో దించి వెళ్లాక, కూతురు తల్లి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. "రా, ఇవి కూడా చూసి చెప్పు."

ఆవిడ నాలుగు పిస్టన్లనూ వెలుతురులో తిప్పి చూసి మొత్తం పదహారు సొట్టలు లెక్కపెట్టింది. తర్వాత మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

ఆదివారం ఇంజను పేలలేదు. రేసు సాగినంతసేపూ ఆవిడ కళ్లు మూసుకునే కూర్చుంది. డ్రైవరు పన్నెండు మందిలో నాలుగోవాడుగా వచ్చాడు. అది మంచిదేనని కూతురు సంబరపడింది. "మంచిదే మరి, ముందున్న ముగ్గురూ ప్రాణాలకు తెగించి తోలారట," అంది తల్లి.

సోమవారం పొద్దున్నే పెద్ద షెడ్డు నుంచి ఫోను వచ్చింది. మధ్యాహ్నం వాళ్లకు ఇంకో పార్సెలు వస్తోందట, అమ్మగారు ఒక్కసారి వచ్చి చూసి పెడతారా అని.

అన్నేళ్లుగా ఇంట్లోనే ఖర్చయిపోతున్న ఆవిడ భయానికి బయటి గిరాకీ రావడం అదే మొదలు.