నత్తకు పదో గట్టు

వరంగల్ కాశిబుగ్గలో లక్ష్మీనర్సమ్మను భయపెట్టలేని వస్తువు ఇంకా తయారు కాలేదు. ఇంట్లోకి కుక్కర్ కొత్తగా వచ్చినప్పుడు అది కూత పెట్టిన ప్రతిసారీ ఆమె వాకిట్లోకి వెళ్లి నిలబడేది. చదివింది నాలుగో తరగతి. ఆ చదువును పేపర్లో ప్రమాద వార్తలు చదవడానికి తప్ప మరి దేనికీ వాడలేదు.

అలాంటి తల్లి కడుపున పుట్టిన స్వరూప, యూనివర్సిటీలో జువాలజీ చదువుతూ, సముద్రానికి పోతానంది.

పోయిన నెల క్లాసు పిల్లలందరినీ కాకినాడ టూరు తీసుకుపోయి నాలుగో రోజు తీసుకొచ్చారు. రైలు పట్టాలు తప్పుతుందని ఒక రోజు, పిల్లను అల లాక్కుపోతుందని ఒక రోజు, చేపముల్లు గొంతులో గుచ్చుకుంటుందని ఒక రోజు లక్ష్మీనర్సమ్మ అన్నం మానేసింది. పిల్ల చెక్కు చెదరకుండా దిగింది. అది చాలదన్నట్టు ఒక అగ్గిపెట్టె తెచ్చింది. అందులో దూది పరిచి, దూది మీద నాలుగు నత్తగుల్లలు.

వేలిగోరంత పొడుగు. తెల్లగా, కొసకు సన్నగా, కండెకు నూలు చుట్టినట్టు చుట్లు. ఒక్కో చుట్టు మీద నిలువునా సన్నని గట్లు.

"సుడి తిరిగిన మెట్ల లెక్క ఉన్నయ్ గద అమ్మా! వెంటిల్‌ట్రాప్ అంటరు వీటిని."

"విషముంటదా?"

"ఉండదు. పట్టుకున్నప్పుడు ఊదారంగు నీళ్లు కక్కినయ్, గంతే. చూడు నా దస్తీ."

లక్ష్మీనర్సమ్మ ఆ చేతిరుమాలును చూసి రెండడుగులు వెనక్కి వేసింది. మగ్గం మీదున్న తండ్రి వెంకట్రాజం మాత్రం చెయ్యి చాపాడు.

"ఇటియ్యి బిడ్డా. ఉతికితే రంగు పోతదా, ఉంటదా?"

"పిల్ల విషంల చెయ్యి పెట్టొస్తే నీకు రంగు ఫికరా?"

"విషమైతే మనిషి ఒక్కసారే పోతడే. రంగు పోతే గిరాకీ రోజూ వచ్చి కూసుంటడు."

ఇంతకూ అసలు ముప్పు ఆ అగ్గిపెట్టెలో లేదు, స్వరూప పుస్తకంలో మడిచి పెట్టిన కాగితంలో ఉంది. జువాలజీ చెప్పే రాజేశ్వర్ రావు సారు షరతు పెట్టాడట. తెచ్చుకున్న ప్రాణి ఏ జాతిదో సరిగ్గా తేల్చినవాళ్లను కాకినాడలో మూడు నెలలు సముద్రం పని నేర్చుకోవడానికి పంపిస్తాడట. ఆ కాగితం మీద తల్లీదండ్రీ ఇద్దరూ సంతకం పెట్టాలట. వెంకట్రాజం ఒక చేత మగ్గం నాడె పట్టుకొనే ఇంకో చేత గీకేశాడు. లక్ష్మీనర్సమ్మ కలం ముట్టలేదు.

"దివిసీమ ఉప్పెనొచ్చి నాలుగేండ్లు గూడ కాలే. పేపర్ల చూసిన గద నేను, ఊర్లకు ఊర్లు పోయినయ్. తెలిసి తెలిసి పంపాల్నా?"

"అమ్మా, అది కాకినాడ."

"సముద్రానికి హద్దురాళ్లున్నయా, గిది దివిసీమ, గది కాకినాడ అని?"

పక్కింటి రాజవ్వ కూడా అప్పుడే వచ్చింది. ఊళ్లో ఎవరు పోయినా ఆ మాట ముందు ఆమెకే తెలుస్తుంది కాబట్టి వాడలో ఆమెను చావుకబురు రాజవ్వ అంటారు. "సముద్రం కడుపు నిండనిది, లక్ష్మీనర్సూ," అని ఒక్క మాట అని, చాయ్ తాగి పోయింది.

స్వరూప ఏడవలేదు, అలగలేదు. మూడు కిలోల పుస్తకం తెచ్చి తల్లి ముందు తెరిచింది. పేజీ నిండా నత్తలు. అన్నీ తెల్లగా, అన్నీ మెట్లతో, ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి. "గిన్నిట్ల మనది ఏదో తేల్చాలె," అంది.

లక్ష్మీనర్సమ్మ పేజీలు తిప్పి చూసింది. ఇది ఈ జన్మలో తేలే పని కాదని ఆమె గుండె కుదుటపడింది. ఎన్నడూ లేని ధైర్యం వచ్చేసింది.

"సరే బిడ్డా. నువ్వు పేరు తేలిస్తే నేను సంతకం పెడ్త."

"ఒట్టా?"

"ఒట్టు."

ఆ ఒట్టు వేసిన రోజు నుంచి ఆమెకు మనశ్శాంతి లేదు. ఎందుకంటే స్వరూప రోజూ సాయంత్రం ఒక లెక్క చెప్పడం మొదలుపెట్టింది.

"అడుగున రంధ్రం లేదు. డెబ్బై జాతులు పోయినయ్ అమ్మా!"

"చుట్టుకూ చుట్టుకూ సందున్నది. ఇంక పన్నెండే!"

"గట్ల నడుమ గీతలు లేవు. ఐదు!"

"చీర అంచు చూసి నేసిన ఊరు చెప్పినట్టే ఉన్నది గదనే మీ పని," అని వెంకట్రాజం మురిసిపోయాడు. దారాలు లెక్కపెట్టే తన భూతద్దం కూడా కూతురికి ఇచ్చేశాడు. లక్ష్మీనర్సమ్మకు మాత్రం ఆ అంకె తగ్గిన కొద్దీ సముద్రం ఒక్కో స్టేషన్ దాటుకుంటూ వరంగల్‌కు వస్తున్నట్టుంది.

శుక్రవారానికి రెండు మిగిలాయి. "ఒకదానికి అడుగు చుట్టు మీద తొమ్మిది గట్లు. ఇంకోదానికి పన్నెండు. నడుమ ఏదీ లేదు. మనదానికి తొమ్మిది. సోమారం రికార్డు ఇచ్చేస్త!"

తండ్రి భూతద్దం పెట్టి నాలుగు గుల్లలూ లెక్కపెట్టి, "తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది," అని తీర్పు చెప్పాడు. దారాల లెక్కలో ఆయన మాటకు నేతగాళ్ల సొసైటీలో కూడా తిరుగులేదు.

నడుమ ఏదీ లేదు. ఆ మాట లక్ష్మీనర్సమ్మ చెవిలో నిలిచిపోయింది.

శనివారం మధ్యాహ్నం పిల్ల కాలేజీకి, మొగుడు నూలు కోసం సొసైటీకి పోయారు. ఆమె తలుపు గడియ పెట్టి, మొగుడి కళ్లద్దాలు పెట్టుకొని అగ్గిపెట్టె తెరిచింది. ఎనభై నంబరు నూలు తెల్లది, వెంట్రుకంత సన్నగా ఉంటుంది. గోరంత ముక్క కత్తిరించింది. పొద్దున నూలుకు పట్టించగా మిగిలిన గంజిలో ముంచింది. సూదిమొనతో ఎత్తి అడుగు చుట్టు మీద మూడో గట్టుకూ నాలుగో గట్టుకూ నడుమ అతికించింది. ముప్పై ఏళ్లుగా తెగిన పోగులు అతికిన వేళ్లవి. నత్తకు పదో గట్టు పుట్టుకతోనే ఉన్నట్టు కూర్చుంది.

నాలుగింటికీ అతికించేసరికి మూడు దాటింది. "ఏమనుకోకు తల్లీ, ఆడపిల్ల బతుకు," అని ఒక్కో నత్తకూ విడివిడిగా చెప్పుకొని డబ్బీ మూసింది.

సాయంత్రం స్వరూప సందు మొగదల నుంచే "అమ్మా! అమ్మా!" అని పరుగెత్తుకొచ్చింది. ఏదో చెప్పబోయింది. చెప్పనిచ్చే ఓపిక తల్లికి లేదు.

"బిడ్డా, ఆ గట్లు ఇంకోపాలి లెక్కపెట్టుకోరాదు. ఎందుకైనా మంచిది."

స్వరూప ఆగి, తల్లి మొహం చూసింది. డబ్బీ తెరిచి భూతద్దం పెట్టింది. పెదవులు కదిలాయి. తలెత్తి, "బాపూ, జర ఇటు రా," అంది.

వెంకట్రాజం వచ్చి లెక్కపెట్టాడు. గుల్లను కంటి దగ్గరికి తెచ్చాడు, ముక్కు దగ్గరికి తెచ్చాడు, మళ్లీ కంటి దగ్గరికి తెచ్చాడు. "పది," అన్నాడు. తండ్రీకూతుళ్లు అగ్గిపెట్టె పట్టుకొని బావి దగ్గరికి పోయి చాలాసేపు నిలబడ్డారు. పిల్లకు దుఃఖం వచ్చిందనుకుంది లక్ష్మీనర్సమ్మ. ఆ పాపానికి ఉల్లిగడ్డ పకోడీలు వేసింది. ఇద్దరూ పళ్లెం ఖాళీ చేశారు. దుఃఖంలో ఉన్నవాళ్లకు అంత ఆకలేమిటో ఆమెకు తట్టలేదు.

ఆదివారం పొద్దున్నే స్వరూప సారు ఇంటికి పోయొస్తానని పోయి, పదకొండింటికి వచ్చి తల్లిని కావలించుకుంది.

"అమ్మా! పది గట్ల జాతి లోకంలనే లేదట! గిది కొత్త జాతట!"

"కొత్తదా? అంటే పేరు తేలలేదు గద. సంతకం లేదు గద."

"సంతకం ఎవలకు గావాలె? కాకినాడ క్యాన్సిల్. రేపు సార్ కలకత్తాకు టెలిగ్రాం కొడ్తాండు. గిసొంటి నత్త ప్రాణంతోని దొరకాల్నంటే అండమాన్ పోవాల్నట. రెండేండ్లు. ఓడల నాలుగు రోజులు."

లక్ష్మీనర్సమ్మ పీట మీద కూర్చుంది. పీట అక్కడ లేదు. నేల మీదే కూర్చుంది.

"ఓడలనా?"

"ఓడ నడిసముద్రంల పోతదే," అన్నాడు వెంకట్రాజం మగ్గం దగ్గర నుంచి, తెలియనివాళ్లకు చెబుతున్నట్టు. "ఎటు చూసినా నీళ్లేనట. పిల్లకు మందంగ ఒక దుప్పటి నేస్తాన్న."

"నీకు మతుందా? కన్న తండ్రివేనా నువ్వు?"

"నీకే గద కాకినాడ నచ్చకపాయె."

"కాకినాడల నేలున్నది గదయ్యా! హాస్టలున్నది, రోడ్డున్నది, దవాఖానున్నది!"

"గిదంత మొన్న యాదికి రాకపాయె."

స్వరూప ఇంకో మాట మిగుల్చుకుంది. "అమ్మా, కొత్త జాతికి కనిపెట్టినోళ్లు పేరు పెట్టొచ్చు. నీ పేరే పెడ్తాన్న. ఎపిటోనియం లక్ష్మీనర్సమ్మె. లోకమున్నన్ని రోజులు పుస్తకాలల్ల ఉంటది."

గంజితో పుట్టిన జాతికి తన పేరు! పుస్తకాల్లో, లోకమున్నన్ని రోజులు! ఈలోపు చావుకబురు రాజవ్వ వచ్చేసింది. "అండమానట గద," అని చీరకొంగుతో కళ్లు ఒత్తుకొని, ఈసారి చాయ్ కూడా వద్దని పోయింది. రాజవ్వ చాయ్ వద్దన్న ఇల్లు ఆ వాడలో అంతకుముందు ఒకటే. ఆ ఇంటి నుంచి అప్పటికే శవం లేచింది.

సోమవారం పొద్దున తార్ వెళ్లకముందే చేరాలని లక్ష్మీనర్సమ్మ ఎవరికీ చెప్పకుండా రిక్షా ఎక్కింది. యూనివర్సిటీ గేటు దాకా రిక్షా బోల్తా పడుతుందని భయపడటం కూడా మరిచిపోయింది. రాజేశ్వర్ రావు సారు తన గదిలో ఒక సీసాను వెలుతురుకు పెట్టి చూస్తున్నాడు. ఆమె గడపలోనే దండం పెట్టింది.

"సార్, నేను స్వరూప తల్లిని. తార్ కొట్టకున్రి సార్! గది నత్త తప్పు కాదు, నా తప్పు. నేనే అతికించిన. నా బిడ్డను అండమాన్ పంపకున్రి. కాకినాడైతే మూడు నెలలు కాదు, నాలుగు నెలలు ఉంచుకోండ్రి, నేనేమనను!"

సారు సీసా దించాడు. "అండమానుకు ఎవరు పోతున్నారమ్మా?"

"స్వరూప సార్. కొత్త జాతి..."

"కొత్త జాతేంది? పాతదే. శనివారం మధ్యాహ్నం, ఇక్కడ సీసాల ఉంచుకున్న ఐదో నత్తను చూపెట్టింది, నేను మైక్రోస్కోపు కింద పెట్టి చూసిన. తొమ్మిది గట్లు. మంచిగ తేల్చిందని అప్పుడే ఓకే చేసిన. చెప్పలేదా ఇంట్లో?"

ఐదో నత్త. లక్ష్మీనర్సమ్మకు శనివారం సాయంత్రం సందు మొగదల నుంచి "అమ్మా! అమ్మా!" అంటూ వచ్చిన పిల్ల మొహం కనబడింది. చెప్పబోయిన మాట ఏమిటో ఇప్పుడు తెలిసింది.

"నిన్న ఇంటికొచ్చి కాగితం నా దగ్గరే పెట్టి పోయింది," అంటూ సారు సొరుగు తీశాడు. "మా అమ్మ తనే వచ్చి సంతకం పెడ్తది సార్, సోమవారం పది లోపల, అన్నది. నేను నమ్మలేదు. ఇప్పుడెంతయింది?"

గోడ గడియారంలో పదికి పది నిమిషాలు తక్కువ.

లక్ష్మీనర్సమ్మ కలం అందుకుంది. పెట్టేముందు ఒక్కటి అడిగింది.

"సార్, ఈ నత్తలు సముద్రంల ఎంత లోతుల ఉంటయ్?"

"ఇవి ఒడ్డు పొంటే దొరుకుతయమ్మా. మోకాలు లోతు."

"ఎవరి మోకాలు సార్? మీదా, నా బిడ్డదా?"

సారు ఆరడుగుల మనిషి. తన మోకాళ్ల వంక చూసుకొని, "మీ బిడ్డదే," అని ఒప్పుకున్నాడు. ఆమె వంకర టింకరగా సంతకం పెట్టి, కింద ఖాళీ జాగాలో 'బిడ్డ మోకాలు దాటి పోరాదు' అని రాసి, సారు చేత దాని పక్కన పొట్టి సంతకం పెట్టించుకుంది.

ఇంటికి వచ్చేసరికి వెంకట్రాజం మగ్గం ఆపి చాయ్ తాగుతున్నాడు. భార్యను ఎగాదిగా చూశాడు.

"పెట్టినవా సంతకం?"

"పెట్టిన."

"సముద్రంల నత్తకు ఎనభై నంబరు నూలు మొలుస్తదానే?"

ఆమె చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కొని, లోపలికి పోయి, మళ్లీ వచ్చింది. గొంతు తగ్గించి అడిగింది.

"అతుకు కనబడ్డదా?"

"అతుకు ఎక్కడున్నదో ఇప్పటికీ దొర్కలే. గంజి వాసనకు దొరికినవ్."

"అంటే నీ కండ్లకు దొర్కలే."

"దొర్కలే."

"మరి అండమాన్ అన్న మాట ఎవలది? నీదా?"

"నాకు అండమాన్ ఏ దిక్కున్నదో తెల్వది. నీ బిడ్డదే. ఓడ, కలకత్తా, నత్తకు నీ పేరు, అన్నీ దానియే. బావి కాడ నిలబడి గడియల అల్లింది."

లక్ష్మీనర్సమ్మ ఆయన చేతిలోని చాయ్ గ్లాసు తీసుకొని మిగిలిన రెండు గుక్కలూ తనే తాగింది.

"గంత తెలివి మీ ఇంటి దిక్కు ఎవలకూ లేదు," అంది.