ఒక్కరూ జారిపోని బడి

“దోషి ఎంతటివాడైనా ఉపేక్షించేది లేదు!” అని డాక్టర్ బ్రహ్మచారి గారు ప్రకటించేసరికి గోడ గడియారంలో నాలుగూ పది. ఐదింటికల్లా దోషి పేరు రాసిన ఉత్తరం పై ఆఫీసుకు చేరాలి. చేరకపోతే సంతోషి పదో తరగతి గల్లంతు.

ఆ ఏడాది కరోనా పుణ్యమా అని పరీక్షల్లేకుండానే అందరూ పాస్. సూరత్ నవాగామ్‌లోని మా తెలుగు బడిలోనూ అందరూ పాస్, ఒక్క సంతోషి తప్ప. ఆ పిల్ల ఫెయిలవలేదు. జాబితాలోనే లేదు. తీసేసిన పేరు మళ్లీ ఎక్కాలంటే ఎవరు తీశారో, ఎందుకు తీశారో రాసివ్వాలన్నది పైవాళ్ల నిబంధన.

అందుకే ఈ విచారణ సంఘం. అధ్యక్షులు బ్రహ్మచారి గారు. అంతకన్నా అర్హులు సూరత్‌లో లేరు. పిల్లలతో ఎలా మాట్లాడాలనే విషయం మీద ఆయన ఇరవై రెండేళ్లు పరిశోధించారు, మూడు పుస్తకాలు రాశారు, ఐదు విద్యా విధాన కమిటీల్లో కూర్చున్నారు. ఇన్ని పనుల మధ్య పిల్లలతో మాట్లాడే తీరిక దొరకలేదు. మా బడి మీద ఆయన చేసిన ‘ఒక్కరూ జారిపోని బడి’ అధ్యయనానికి ఈ మధ్యే పురస్కారం వచ్చింది. లాక్‌డౌన్‌లో బడి జాబితాలో ఉన్న నూటికి నూరు శాతం పిల్లలకు ఫోన్లో కౌన్సెలింగ్ అందిందని అందులో రుజువు చేశారు.

సభ్యురాలు మా హెడ్‌మిస్ట్రెస్ పద్మారాణి మేడమ్. నేను గుమస్తాని, మినిట్స్ రాస్తున్నాను.

అనుమానం మొదట నెట్‌వర్క్ మీదికి వెళ్లింది. తర్వాత కంప్యూటర్ మీదికి. ఆ తర్వాత వైరస్ మీదికి. వైరస్‌కు నోటీసు ఎవరి ద్వారా పంపాలని మేడమ్ అడిగారు. అది మినిట్స్‌లో వద్దన్నారు సార్.

నాలుగూ నలభైకి, వరండాలో కూర్చోబెట్టిన సంతోషినీ వాళ్ల నాన్న రాజమల్లునూ లోపలికి పిలిచారు. రాజమల్లుది కడోదరాలో సాంచల మీద, అంటే మరమగ్గాల మీద పని. ఈసారి పాస్ కాకపోతే బిడ్డను చీరలకు రాళ్లు అంటించే పనిలో పెడతానని పొద్దున నాతో అన్నాడు.

మాస్కు సర్దుకుని సార్ అన్నారు: “కౌన్సెలింగ్ కాల్‌కి మీరు స్పందించలేదు. తల్లిదండ్రుల నిర్లక్ష్యం అని రాద్దాం.”

రాజమల్లు తల పక్కకి వంచి, ఆ మాటల్నే వింటున్నట్టు నిలబడ్డాడు.

“ఫోన్ ఎత్తిన సార్. ఇంటికి ఒక్కటే ఫోన్, నా జేబుల ఉంటది. కార్ఖానాల ఉన్న, బిడ్డ ఇంటికాడుంది, పొద్దుగూకినంక జర చేయుండ్రి అన్న.”

“మగ్గాల చప్పుడు తప్ప మాకేమీ వినిపించలేదు,” అన్నారు సార్, తొందరపడి.

“మీకు ఇనవడలే. నాకు ఇనవడ్డది. పదిహేనేండ్ల సంది సాంచల చప్పుడులనే ముచ్చట పెట్టుకుంటున్నం. ఫోన్ పెట్టకముందే పక్కనోళ్లతోని ‘ఈ ఒక్క పిల్ల వల్ల నూరు శాతం పోతుంది, జాబితాలోంచి పేరు తీసెయ్’ అన్నరు. ఫోన్ల లిస్టేమో అనుకున్న.”

“ఎవరన్నారు?” మేడమ్ అడిగారు.

“మొఖం జూడలే మేడం. గొంతు ఎరుకే.” రాజమల్లు అధ్యక్షుల వైపు తిరిగాడు. “గీ గొంతే. సార్ పేరేంది?”

సార్ గొంతు సవరించుకున్నారు. మాస్కును కళ్ల దాకా లాక్కున్నారు. విచారణ మొదలయ్యాక ఆయన నోరు మూసుకోవడం ఇదే మొదటిసారి.

నాలుగూ యాభై. ఆ పేరు మీద డిలీట్ మీట నొక్కిన వేలు నాదే. ఆ సంగతి ఇంతవరకు మినిట్స్‌లోకి ఎక్కలేదు. ఎక్కకుండా రాసిందీ నేనే. సంతోషి నా కలం వంక చూస్తోంది.

కలం మేడమ్ చేతికిచ్చాను.

“మీరు రాయండి మేడమ్. తీసింది నేను. తీయించింది డాక్టర్ బ్రహ్మచారి.”