మోకాలికి నీలం టేపు

మనిషన్నాక మోకాలికి ఒక దెబ్బ తగలాలి, దాని మీద ఒక నీలం టేపు ఉండాలి! ఈ రెండూ లేని నా పాత జీవితాన్ని తలచుకుంటే నాకే జాలేస్తోంది.

అదేం టేపు అంటారా? టీవీలో ఆటగాళ్ల భుజాల మీద, మోకాళ్ల మీద చూసే ఉంటారు, సాగే గుడ్డ టేపు. నాకూ దెబ్బ ఉప్పల్‌లోనే తగిలింది. అక్కడి క్రికెట్ స్టేడియంలో అని ఎవరైనా అనుకుంటే వాళ్ల నమ్మకాన్ని నేను చెడగొట్టను. నిజానికి కూరగాయల బజారులో కొత్తిమీర కట్ట కోసం వంగి లేవబోతే కుడి మోకాలు మెలిక పడింది.

ఫిజియోథెరపిస్టు పద్మశ్రీ టేపు వేసి, "అన్నా, ఇది ఉత్త ఆసరానే. దినాం రెండుసార్లు ఎక్సర్‌సైజులు జెయ్యాలె, అవే అసలు మందు" అంది. నాలుగు రోజులకోసారి మార్చుకోమని ఒక రోల్ కూడా ఇచ్చింది. ఆమె చెప్పినవాటిలో కష్టం లేనిదాన్ని నేను శ్రద్ధగా పాటించాను.

ఇక చూడండి నా వైభవం! ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక నాచారం బస్సులో నేను కూర్చున్న పాపాన పోలేదు. ఇప్పుడు బస్సెక్కే ముందు ప్యాంటు మోకాలి దాకా మడుస్తాను. "జర అన్నకు సీటియ్యున్రి" అంటూ అక్కలే లేస్తున్నారు. ఫ్యాక్టరీలో మా దయాకర్, "ఏంది అన్నా, టీమ్‌ల సెలెక్ట్ అయినవా?" అన్నాడు. కాదని చెప్పడానికి నాకేం పని? నవ్వి ఊరుకున్నాను.

అసలు లాభం ఇంట్లో. మాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. మంచినీళ్ల క్యాన్ మెట్ల కింద పెట్టి వెళ్లిపోతారు. టేపు పడిన రోజు నుంచి దాన్ని మా ఆవిడ సరిత భుజాన వేసుకుని ఎక్కుతోంది. వెనకాలే నేను కుంటుతూ "మెల్లగ, మెల్లగ" అని ధైర్యం చెబుతున్నాను. నాలా వెన్నంటి ఉండే భర్త ఎంతమందికి దొరుకుతాడు?

మీరడక్కపోయినా చెబుతాను, నొప్పి మూడో వారానికే పోయింది. నొప్పి పోయిందని టేపు తీసేస్తామా?

ఆరో వారానికి రోల్ అయిపోయింది. ఇంకోటి కోసం సరితను వెంటబెట్టుకుని వెళ్లాను. పద్మశ్రీ నా కాలు చూసి, "దెబ్బ కుడి మోకాలికి గదా అన్నా? టేపు ఎడమదానికున్నదేంది?" అంది.

రెండు మోకాళ్లనూ చూసుకున్నాను. ఒక్కటీ నా తరఫున సాక్ష్యం చెప్పలేదు!

సరిత నవ్వుతుందనుకున్నాను. ఆమె గోడకు తగిలించిన సంచిని అందుకోబోయి సగంలోనే చెయ్యి దించేసింది. పద్మశ్రీ ఆమె భుజం పట్టి చూసి, "ఎప్పటిసంది నొస్తుందక్కా?" అని అడిగింది.

"ఈయనకు టేపేసిన కాన్నుంచి."

కొత్త రోల్‌లో మొదటి ముక్క సరిత భుజానికి వెళ్లింది. తిరుగు బస్సులో అది జాకెట్టు కింద ఉండిపోయి ఎవరికీ కనబడలేదు. ఒకామె నా మడిచిన ప్యాంటు చూసి నాకే సీటిచ్చింది. సిగ్గేసింది. సరితను కూర్చోబెట్టి ప్యాంటు దించుకున్నాను.

మెట్ల కింద క్యాన్ ఉంది. నేనే ఎత్తుకున్నాను. మూడు అంతస్తులు ఎక్కేదాకా మోకాలు ఒక్క మాట అనలేదు. సరిత కూడా అనలేదు, అదే నొప్పిపెట్టింది. ఆ నొప్పికి టేపు ఎక్కడ వేసుకోవాలో పద్మశ్రీని అడగడం మరిచిపోయాను.