కాలువ దాటి వచ్చిన సన్మానం

మీ వీధి బాగుపడాలని ఉందా? అయితే అర్జీలు పెట్టకండి. పన్నులు సకాలంలో కట్టామని గొప్పలు పోకండి. ఇంట్లో ఒక మాజీ సైనికుణ్ణి పెట్టుకోండి!

నేను ఊరికే అనడం లేదు. మా ఇంట్లో ఒకరున్నారు, మా మామగారు. యుద్ధంలో ఎడమకాలు పోగొట్టుకుని, కట్టుడు కాలుతోనూ ఏమాత్రం తగ్గని నోటితోనూ తిరిగొచ్చిన మనిషి. ఆయన పుణ్యమా అని మా శాసనసభ్యులవారు ఏటా జరిపే ‘సన్మాన సేవా వారోత్సవం’లో మా ఇంటికి చోటు ఖాయం.

ఈ వారోత్సవాన్ని కొందరు ఆడిపోసుకుంటారు. అంతా ఫొటోల కోసమేనట! గిట్టనివాళ్ళ మాటలు. సన్మానంలో ఇచ్చే జ్ఞాపికల విలువ వాళ్ళకేం తెలుసు? గాజుదాన్ని కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టాను. ఇత్తడిది పిండి డబ్బా మూత మీద బరువుగా ఉంది. చెక్కదయితే ఎలుక కన్నానికి కొలత తీసి చేయించినట్టు సరిపోయింది! ఇక ఫ్రేము కట్టిన ప్రశంసాపత్రం వెనక గోడ పెచ్చులూడిన సంగతి ఈ రోజుకీ ఏ చుట్టానికీ తెలియదు.

ఈ ఏడు సభలు లేవనీ, శాసనసభ్యులవారే వీరుల ఇళ్ళకు వెళ్ళి సన్మానిస్తారనీ ప్రకటన వచ్చింది. ఇంకేముంది, మా వీధికి యోగం పట్టింది. ఎప్పుడో కన్నుమూసిన వీధిదీపం లేచి కూర్చుంది. గుంతలు పూడాయి. కొత్త తారు నల్లగా మెరుస్తూ మా గేటు దాకా వచ్చి ఆగిపోయింది. కత్తితో కోసినట్టు ఆగింది!

పక్కింటి టైలరమ్మ ఆ తారు అంచున నిలబడి, తమ గుమ్మం ముందున్న గుంతను కాసేపు చూసుకుంది.

“వదినా, మీ మామగారిని ఒక్కరోజు మా ఇంటికి పంపకూడదూ? కళ్ళలో పెట్టుకుని చూసుకుంటా. రోడ్డు మా గుమ్మం దాకా వచ్చేస్తుంది.”

“వస్తాలేవే పిల్లా,” అన్నారు మామగారు లోపల్నుంచి. “చివరింటివాళ్ళకి మాత్రం చెప్పకు. నన్ను వంతులవారీగా తిప్పుతారు.”

అసలు వరం ఇది కాదు. మా వీధి మొదట్లో అడ్డంగా మురుగుకాలువ ఉంది. దాని మీద సిమెంటు పలక వానల్లో విరిగి లోపల పడిపోయింది. అప్పట్నుంచీ మేమంతా దూకి పోతున్నాం. దూకలేనిది మామగారొక్కరే. కాలువ అవతల మలుపులో సెలూన్ ఉంది. రోజూ పొద్దున్నే అక్కడ కూర్చుని పేపరు చదివి, వచ్చినవాళ్ళందరితో వాదించి, గెలిచి వస్తేగానీ ఆయనకు అన్నం సయించదు. పలక పడిపోయాక ఆ వాదనలన్నీ నాతోనే. ఆయన తిండీ తగ్గింది, నా ఓపికా తగ్గింది.

శాసనసభ్యులవారి కారు దూకలేదు కదా! సోమవారం తెల్లారేసరికి నలుగురు మనుషులు పెద్ద ఇనపపలక మోసుకొచ్చి కాలువ మీద పరిచారు. కారు దర్జాగా దాటి వచ్చింది.

“మీరు సరిహద్దులో నిలబడ్డారు కాబట్టే పెద్దాయనా, మేమిక్కడ కూర్చోగలుగుతున్నాం,” అన్నారు శాసనసభ్యులవారు, పతకం తగిలిస్తూ.

“కూర్చోవడం కనిపిస్తూనే ఉంది నాయనా. ఆ కాలువ మీద సిమెంటు పలక వేయించి కూర్చోరాదూ?”

శాసనసభ్యులవారు ఆయన చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకున్నారు. “తప్పకుండా. కాకపోతే ఇవాళ గౌరవ దినం. గురువారం సేవా దినం. అప్పుడు మా ఆఫీసుకొచ్చి చెప్పండి.”

చూశారా ఎంత పద్ధతో! గౌరవం, సేవ ఒకదాన్నొకటి ముట్టుకోకుండా ఎంత శుభ్రంగా విడదీశారో!

కారు వెళ్ళగానే మనుషులు పలక ఎత్తబోయారు. అప్పటికే మామగారు దాని నడిమధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నారు, మెడలో పతకంతో సహా.

“తాతగారూ, లేవండి. పలక తీసుకుపోవాలి.”

“గురువారం ఆఫీసుకి రమ్మన్నాడయ్యా మీ సారు. ఎగిరి రమ్మంటావా?”

వాళ్ళ మేస్త్రీ తల గోక్కున్నాడు. ఏ ఆఫీసరైనా అడిగితే మర్చిపోయామని చెబుతానన్నాడు. పలక ఉండిపోయింది.

మంగళవారం మామగారు సెలూన్‌కి వెళ్ళారు. గొంతు బొంగురుపోయి, మొహం వెలిగిపోతూ తిరిగొచ్చారు. “నేను లేకపోయేసరికి వాళ్ళకి దేశం గురించి బొత్తిగా ఏమీ తెలియకుండా పోయిందమ్మా!” అంటూ మారు అన్నం వడ్డించుకున్నారు. సన్మానం వల్ల ఒంట పట్టేది ఏమీ ఉండదనేవాళ్ళు ఆ కంచం చూడాల్సింది.

బుధవారం మేస్త్రీ మళ్ళీ వచ్చాడు. ఈసారి నేల చూస్తూ మాట్లాడాడు. “ఇవాళ మధ్యాహ్నం ఇంకో వీరుడింటికి పోవాలండీ. అక్కడా కాలువే. మా దగ్గరున్న పలక ఇదొక్కటే.”

“ఎవరతను?”

“నావికాదళంలో చేసినాయన. రెండు కాళ్ళూ లేవు. చక్రాల కుర్చీ.”

మామగారు లేచి పలక దాకా నడిచి, చేతికర్రతో దాన్ని రెండుసార్లు తట్టారు.

“తీసుకుపోండి. మీ సారు వెళ్ళాక వెంటనే ఎత్తెయ్యకండి. అతన్నీ ఓసారి బయట తిరగనివ్వండి.”

కాలువ మళ్ళీ నోరు తెరిచింది. అందుకని గురువారం నేనే దూకి ఆఫీసుకి వెళ్ళాను. గుమాస్తా నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. ఎంత మర్యాద!

“మీరు మాజీ సైనికులాండీ?”

“కాదు, కోడల్ని.”

“పెద్దాయనకి ఈ ఏడు సన్మానం అయిపోయింది కదమ్మా. ఆయన తరఫున ఇంకేమీ రాదు. మీరు ఏ కోటాలో అడుగుతున్నారు?”

“రోజూ ఆ కాలువ దాటే మనిషిని బాబూ. మా వీధిలో అందరూ దాటుతారు. బడిపిల్లలు కూడా.”

అతను నిజంగానే నొచ్చుకున్నాడు. “అలాంటివాళ్ళకి వారోత్సవం ఇంకా పెట్టలేదమ్మా,” అన్నాడు. నేను మెట్లు దిగుతుంటే వెనకనుంచి కేకేసి, పెద్దాయనకి నమస్కారాలు చెప్పమన్నాడు.

తిరిగొచ్చేసరికి మామగారు కట్టుడు కాలు తగిలించుకుని, చేతికర్ర పట్టుకుని గేటు దగ్గర సిద్ధంగా నిలబడి ఉన్నారు.

“ఏమన్నారమ్మా?”

“మీకు నమస్కారాలు చెప్పమన్నారు మామయ్యా.”

“మళ్ళీనా!” అన్నారాయన.