చిలకల అంచు గుమ్మడికాయ

శనివారం పొద్దున కాఫీ తాగుతూనే గౌరి ఆ రోజు పని నిశ్చయించుకుంది. అమెరికాలో ఆకులు రాలే కాలం, మోరిస్‌విల్‌లో వాళ్ళ వీధి వీధంతా తలుపులకి గుమ్మడికాయలూ, ఎండుటాకుల దండలూ వేలాడుతున్నాయి. వాళ్ళ తలుపొక్కటే బోసిగా ఉంది. దసరా కదా, సాయంత్రం పసుపు కుంకుమలకి విజయశ్రీని, ఆవిడ అత్తగారిని పిలిచింది. వాళ్ళొచ్చేలోగా గుడ్డ గుమ్మడికాయలు కుట్టి తలుపుని సింగారించాలి. గుడ్డకి లోటేమీ లేదు, పెళ్ళయిన దగ్గర్నుంచీ పేరంటాల్లో వచ్చిన జాకెట్ ముక్కలు ఒక సూట్‌కేసు నిండా ఉన్నాయి.

నిజానికి జాకెట్ ముక్కని కుట్టించుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. ఒక పేరంటంలో పుచ్చుకుని ఇంకో పేరంటంలో పెట్టేయడమే లోకం తీరు. కానీ పెట్టడానికి మనుషులుండాలి కదా! ఎండాకాలంలో ఈ ఊరొచ్చిన గౌరికి స్నేహితురాలంటే వీధి చివరింటి విజయశ్రీ ఒక్కతే. వచ్చిన కొత్తలో ఇంటికి పిలిచి పప్పూ అన్నం పెట్టింది ఆవిడే. ఆవిడ లేకపోతే గౌరికి ఇక్కడ నోరు విప్పి మాట్లాడే దిక్కు లేదు.

గౌరి ముక్కల్ని గుండ్రంగా కత్తిరించి, అంచు చుట్టూ దూరం దూరంగా కుట్లు వేసి దారం లాగింది. గుడ్డ సంచీ మూతిలా ముడుచుకుంది. ఏడేళ్ళ కూతురు అవని అందులో పాత దిండు దూది కూరింది. తొడిమకి దాల్చిన చెక్క గుచ్చారు. మధ్యాహ్నానికల్లా తలుపు కళకళలాడిపోయింది. అన్నిట్లోకీ ముద్దొచ్చింది మాత్రం ఆకుపచ్చ చిలకల అంచున్న పసుపుపచ్చ పట్టు గుమ్మడికాయ.

గౌరి భర్త శ్రీకాంత్ దాన్ని చూసి ఆగాడు. "ఇది వరలక్ష్మీ వ్రతానికి విజయశ్రీగారు ఇచ్చింది కదూ?"

గౌరికి అప్పుడు గుర్తొచ్చింది. 'గద్వాల్ పట్టు, చక్కగా కుట్టించుకో' అని ఆవిడ చెప్పి మరీ ఇచ్చింది.

"అయ్యో రామా! కోసి దూది కూరానని తెలిస్తే మళ్ళీ మన గడప తొక్కుతుందా?"

"అడిగితే టైలర్‌కిచ్చానని చెప్పెయ్. సింపుల్!" అన్నాడు శ్రీకాంత్.

గౌరి గుమ్మడికాయని పీకి డిష్‌వాషర్‌లో దాచింది. గిన్నెలు చేత్తోనే తోముకునే ఆ ఇంట్లో డిష్‌వాషర్ తలుపు తీసేవాళ్ళు ఎవరూ లేరు.

విజయశ్రీ చెప్పిన టైముకన్నా ముందే ఊడిపడింది. వస్తూనే గౌరిని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"అత్తయ్య వెనకాల నడిచొస్తున్నారు. ఏమీ అనుకోకు గౌరీ, నీకిచ్చిన ఆ చిలకల అంచు జాకెట్ ముక్క..."

"టైలర్‌కిచ్చానక్కా!" అనేసింది గౌరి.

"కొంపముంచావ్! కట్ చేసేశారా? వెంటనే కాల్ చేసి ఆపమను. అది అత్తయ్య నాకు పెట్టింది. చూసుకోకుండా నీకిచ్చేశాను. పొద్దున్నే ఆ ముక్కెక్కడే అని అడిగితే, క్లోజెట్‌లో ఉందని చెప్పాను. నా పరువు నీ చేతిలో ఉందమ్మా!"

పరువు తన చేతిలో లేదనీ, డిష్‌వాషర్‌లో ఉందనీ చెప్పడానికి గౌరికి నోరు రాలేదు.

"ఇంతకీ ఏ టైలర్?"

"పక్క ఊళ్ళో, కేరీలో... ఎవరో ఒకావిడ."

"పద, నేను డ్రైవ్ చేస్తా."

"మీకెందుకండీ శ్రమ, నేను పికప్ చేసుకొస్తా" అంటూ శ్రీకాంత్ వంటింట్లోకొచ్చి కారు తాళాలు తీసుకుని, లేని టైలర్ దగ్గరికి బయలుదేరాడు. సలహా తనదే కాబట్టి గౌరి అతని మీద జాలిపడలేదు.

ఇంతలో విజయశ్రీ అత్తగారు ధనమ్మ గుమ్మంలో చెప్పులు విప్పుతూ తలుపు వైపు చూసింది. "ఎంత ముచ్చటగా ఉన్నాయే!"

ఆ మెప్పుకి అవని ఉబ్బిపోయింది. "బామ్మా, బెస్ట్ వన్ అక్కడ లేదు. మమ్మీ హైడ్ చేసింది!" అంటూ వంటింట్లోకి పరిగెత్తి, డిష్‌వాషర్ తలుపు తీసి, చిలకల గుమ్మడికాయని తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. "నేనే స్టఫ్ చేశాను."

ధనమ్మ కళ్ళజోడు సవరించుకుని చిలకల్ని చూసింది. విజయశ్రీ గౌరిని చూసింది. గౌరి నేలని చూసింది.

"ఇది మా ఆడపడుచు ఇచ్చిన ముక్క కదూ?"

"నేనే కోసేశానండీ" అంది గౌరి, కళ్ళ నీళ్ళతో. "అక్కనేమీ అనకండి."

"దానికి ఇచ్చింది నేనే అత్తయ్యా. మీకు అబద్ధం చెప్పాను" అంది విజయశ్రీ.

"హమ్మయ్య!" అంది ధనమ్మ. "రేపు మా ఆడపడుచు న్యూజెర్సీ నుంచి వస్తోందా, నువ్వు పొరపాటున దీన్నే తీసి ఆవిడకి పెట్టేస్తావేమోనని పొద్దున్నించీ ఒకటే బెంగ. అందుకే అడిగాను. అసలు ఆవిడకి ఎవరు పెట్టారో ఏమో! ఇన్నాళ్ళకి ఒక్కరైనా దీనికి సూది తగిలించారు."

ముందు విజయశ్రీకే నవ్వొచ్చింది. "మరి కేరీ టైలరేది గౌరీ?"

"డిష్‌వాషర్‌లో ఉందక్కా."

పొట్ట పట్టుకుని నవ్వారు ఇద్దరూ. నవ్వు ఆగాక విజయశ్రీ గౌరి భుజం మీద చెయ్యేసి, "రేపు మా తలుపుకి కూడా కుట్టాలి. నా దగ్గర మూడు సూట్‌కేసులున్నాయి" అంది.  గౌరి ధనమ్మకి బొట్టు పెట్టి, తాంబూలంతో పాటు ఆ గుమ్మడికాయని కూడా ఇచ్చింది. ఇంకెంతసేపు కారులో కూర్చోవాలని శ్రీకాంత్ ఫోన్ చేస్తే, అప్పుడు గుర్తొచ్చి ఇంట్లోకి రమ్మంది.

కార్తీక మాసంలో ఎవరింట్లోనో పేరంటానికి వెళ్ళిన గౌరికి తాంబూలంతో పాటు చిలకల అంచు గుమ్మడికాయ ఒకటి ఇచ్చారు. ఆమె తన కుట్లని గుర్తుపట్టి, బొట్టు పెట్టించుకుని, "చాలా బాగుందండీ, ఎక్కడ కొన్నారు?" అని అడిగింది.