తొమ్మిదో తరగతి మూడో పీరియడు దండయాత్ర

సుద్దపొడియే సుగంధధూళియై, గంట గణగణలే మంగళవాద్యములై, మూడువందలమంది పిల్లలు తినుచు, చదువుచు, నిద్రించుచు, మరల చదువుచునుండు ఒకానొక హాస్టలు బడియందు, ఒకానొక సోమవారమున, రెండవ పీరియడు ముగిసి మూడవది మొదలగు సంధికాలమున, స్టాఫ్‌రూము గోడపై ఒక చీటీ వెలసెను: "సైన్సు సారుకి పన్ను నొప్పి. తొమ్మిదో తరగతి మూడో పీరియడు ఖాళీ."

ఖాళీ! ఈ మాట వినినంతనే అన్యపాఠశాలల గురువర్యులు బల్లల క్రింద దాగుదురేమో! ఇచ్చట కథ వేరు.

సమీకరణసంహారిణియు, భిన్నభంజనియు నగు లెక్కల మేడం టీకప్పును సగములో విడిచి లేచెను. కారణము లేకపోలేదు. శనివారము పాఠము ముగియువేళ, ఏడాదిగా నోరు విప్పని చివరి బెంచీ పిల్ల చేయి సగము ఎత్తెను. అంతలో పాపిష్ఠి గంట మ్రోగెను. చేయి దిగిపోయెను. ఆదివారమంతయు ఆ సగము లేచిన చేయి మేడం కన్నులయెదుట ఆడుచునేయుండెను.

అదే క్షణమున పద్యగర్జనాపంచాననుడగు తెలుగు మాస్టారును లేచెను. శనివారము మూడు పాదములు చెప్పగానే గంట కొట్టిరి. నాలుగవ పాదము రెండుదినములుగా ఆయన గొంతులో ముల్లువలె గ్రుచ్చుకొనియుండెను.

వరండాలో ఇరువురి నడక వడియై, వడి పరుగై, తరగతి గుమ్మమున భుజము భుజము తాకి ఇద్దరును ఇరుక్కుపోయిరి.

"మేడంగారూ, ఒక్క పాదం! చెప్పేసి వెళ్ళిపోతా!"

"మీ ఒక్క పాదం సంగతి నాకు తెలీదా మాస్టారూ? పోయినసారి ఇలాగే అని రెండు పీరియడ్లు మింగేశారు."

అంతట మాస్టారు కండువా సవరించుకొని ఘోషించెను: "ఓ గుణకారగర్వితా! మూడు కాళ్లపై కుంటుచున్న పద్యమును చూచియు నీ హృదయము ద్రవింపదా?"

"ఓ సమాసాడంబరా!" అని మేడం ప్రతిగర్జించెను. "నీ పద్యము రేపటికిని కుంటుచు వచ్చును. నా పిల్ల నేడు అడుగకున్న ఇక ఎన్నడును అడుగదు!"

పిల్లలు పుస్తకములు అడ్డుపెట్టుకొని కిసుక్కుమనిరి.

అంతలో ప్రపంచపటము చంకనిడుకొని పెద్ద మేడం విచ్చేసెను. "ఏంటీ గోల? ఇద్దరూ వెళ్ళండి, ఈ క్లాసు నేను తీసుకుంటా. భూగోళం చెప్పి ఆరేళ్ళయింది. ఎంతకాలమని ఫైళ్ళ మొహాలు చూస్తూ కూర్చోను?"

అంతట యుద్ధము త్రిముఖమయ్యెను. సీనియారిటీ అస్త్రమునకు సిలబస్ అస్త్రము, దానికి అధికారాస్త్రము ఎదురు నిలువగా ముప్పదియారు నిమిషములు నేలకూలెను.

"మేడం, ఇంక నాలుగే నిమిషాలున్నాయి," అని మొదటి బెంచీనుండి ఒక పిల్ల విన్నవించెను.

పెద్ద మేడం తొందరలో పటము విప్పబోగా అది సర్రున ముడుచుకొని ఆమె ముక్కును తాకెను. ఆ సందున లెక్కల మేడం దూసుకుపోయి సుద్దముక్కను చేజిక్కించుకొనెను.

"శనివారం ఏదో అడగబోయావు కదమ్మా. ఏంటది?"

చివరి బెంచీ పిల్ల లేచి, బల్లవైపే చూచుచు, "మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకొస్తుంది మేడం? అందరికీ తెలుసేమోనని..." అని గొణిగెను.

అందరికిని తెలియదని అందరికిని అప్పుడే తెలిసెను.

"మాస్టారూ, ఇలా రండి," అనెను మేడం. "మైనస్ అంటే వెనక్కి తిరగడం. తిరగండి."

పద్యపంచాననుడు బిత్తరపోయి తిరిగెను.

"ఇంకో మైనస్. మళ్ళీ తిరగండి."

తిరిగెను.

"ఇప్పుడెటు చూస్తున్నారమ్మా మాస్టారు?"

"ముందుకే... ఓ!" అనెను పిల్ల.

ఆ "ఓ" విని మాస్టారు తన ఓటమిని మరచి, "చూశారా, రెండు మైనస్‌లూ నేనే!" అని పొంగిపోయెను. పెద్ద మేడం ముక్కు రుద్దుకొనుచునే నవ్వెను. గంట మ్రోగెను.

"మేడం," అనెను పిల్ల, ఈసారి తల పైకెత్తి, "మరి సున్నాతో భాగిస్తే?"

జనులారా వినుడు! ముప్పదియారు నిమిషములు ఓడి, నాలుగు నిమిషములు గెలిచి, లెక్కల మేడం ఆనాడు జయించినది ఒక్క అక్షరము. అదియు అచ్చు. ఆ సామ్రాజ్యముతో ఆమె, చల్లారిన టీ త్రాగుటకు కూడ పోక, ఇంటర్వెలంతయు చివరి బెంచీపైనే కొలువుతీరెను.