జడ్జిగారు చెవిలో చెప్పిన మాట

"న్యాయమనే బండికి న్యాయమూర్తి ఒక చక్రం, న్యాయవాది ఇంకో చక్రం! ఈ రెండు చక్రాలూ కలిసి నడిస్తేనే బండి ముందుకు సాగుతుంది!" అని న్యాయవాదుల సంఘం కార్యదర్శి మైకు ముందు చెయ్యెత్తి ప్రకటించాడు. హాలంతా చప్పట్లు! ఆ బండిని లాగేదెవరో మాత్రం అతను చెప్పలేదు. లాగే కక్షిదారులు బయట వరండాలో, వాయిదా మళ్లీ ఎప్పటికి పడిందో తెలియక బెంచీల మీద కూర్చుని ఉన్నారు.

కొత్తగా వచ్చిన జడ్జిగారికీ సంఘానికీ మధ్య "బలమైన సత్సంబంధాలు" ఏర్పడాలని పెట్టిన సభ అది. సత్సంబంధమంటే ఏమిటని ఎవరూ అడగలేదు. అడిగినప్పుడల్లా వాయిదా ఇవ్వడమని కొందరు, లాయర్ల గదికి కొత్త ఫ్యాన్లు వేయించడమని కొందరు ఎవరికి వారే అనుకున్నారు. కార్యదర్శి అభిప్రాయం వేరు. నలుగురూ చూస్తుండగా జడ్జిగారి పక్క కుర్చీలో కూర్చోవడమే సత్సంబంధం! అందుకే సభ ఏర్పాట్లన్నీ తన నెత్తిన వేసుకుని, ఆ కుర్చీ ఇంకెవరికీ దక్కకుండా చూసుకున్నాడు.

ప్రసంగం ముగించి వచ్చి, ఠీవిగా కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఫొటోగ్రాఫర్ కెమెరా ఎత్తాడు. సరిగ్గా అప్పుడే జడ్జిగారు ఇటు ఒరిగి, కార్యదర్శి చెవిలో ఒక మాట చెప్పారు.

"మీరు నా కాలు తొక్కుతున్నారు."

కార్యదర్శి వినయంగా తల ఊపాడు. ఫ్లాష్ వెలిగింది.

మర్నాటికల్లా ఆ ఫొటో అతని ఆఫీసు గోడెక్కింది. చూసినవాళ్లంతా అడిగేది ఒకటే ప్రశ్న. "ఏమన్నారు సార్ జడ్జిగారు?"

"అవన్నీ బయటికి చెప్పే మాటలా!" అనేవాడు కార్యదర్శి.

అందులో అబద్ధం రవ్వంత కూడా లేదు. అది నిజంగానే బయటికి చెప్పుకునే మాట కాదు. కానీ విన్నవాళ్లు గోరంతను కొండంత చేసుకున్నారు. ఆ కొండ పెరుగుతుంటే కార్యదర్శి కూడా దాని మీదెక్కి నలువైపులా చూసి ఆనందించాడు.

అందరికంటే ఎక్కువ ఆనందించింది అతని అత్తగారు. ఆవిడకు ఒక కుట్టుపని దుకాణం ఉంది. పక్కింటివాడు ఆ దుకాణానికి వెళ్లే దారికి అడ్డంగా గోడ కట్టేశాడు. బట్టలు కుట్టించుకోవాలంటే గోడ దూకాలి. గోడ దూకి వచ్చి జాకెట్టుకు కొలతలిచ్చే ఆడవాళ్లు ఎంతమంది ఉంటారు! రెండేళ్లుగా దుకాణం మూతపడే ఉంది. కేసు అల్లుడే వేశాడు. ఆ సోమవారమే తీర్పు.

"తీర్పుదేముంది వదినా, జడ్జిగారూ మా అల్లుడూ ప్రాణస్నేహితులు!" అని ఆవిడ వీధి వీధంతా చెప్పింది. అది గోడకు అవతలివైపు కూడా వినిపించింది.

సోమవారం కోర్టు కిక్కిరిసింది. జడ్జిగారు తీర్పు చదవబోతుండగా పక్కింటివాడు, తన లాయరు చొక్కా పట్టి లాగుతున్నా వినకుండా లేచాడు.

"అయ్యా! వాళ్ల అల్లుడూ తమరూ ప్రాణస్నేహితులట! ఊరంతా అంటోంది. ఇంక నాకేం న్యాయం జరుగుతుంది?"

జడ్జిగారు తీర్పు కాగితాలు పక్కన పెట్టారు. "అది నిజమైతే ఈ తీర్పు నేను చదవకూడదు. కేసు ఇంకో కోర్టుకు పంపిస్తాను. వాదనలన్నీ మళ్లీ మొదటినుంచి జరగాలి. చెప్పండి కార్యదర్శిగారూ, మీకూ నాకూ ఉన్న సంబంధమేమిటి?"

కార్యదర్శి లేచి నిలబడ్డాడు. నోరు జారొద్దని వందమంది సాక్షులకు పాఠం చెప్పిన మహానుభావుడు! అవునంటే అత్తగారి దుకాణం ఇంకో రెండేళ్లు మూత. కాదంటే వెనక కూర్చున్న లాయర్లందరి ముందూ పరువు గంగపాలు. వెనక్కి తిరిగి చూశాడు. అత్తగారు చేతులు జోడించుకుని కూర్చుంది. ఆ మూతపడ్డ దుకాణమే తప్ప ఆవిడకు వేరే ఆధారం లేదు. ఆ సంగతి గుర్తుకొచ్చేసరికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఏ సంబంధమూ లేదండీ," అన్నాడు. "తమరు ఇప్పటిదాకా నాతో విడిగా మాట్లాడింది ఒక్కటే మాట. ఆ సభలో... నేను తమరి కాలు తొక్కుతున్నానని."

కోర్టు గొల్లుమంది.

"నిజమే. నా కాలి వేలికి ఇంకా వాపు తగ్గలేదు," అన్నారు జడ్జిగారు, నవ్వకుండా. ఆ తర్వాత తీర్పు చదివారు.

గోడ కొట్టేయాలి! పక్కింటివాడి సొంత మేస్త్రీనే బోనులో నిలబెట్టి, "దారి మీదే కట్టానండీ, కట్టమన్నారు కట్టాను" అని కార్యదర్శి అనిపించిన తీరును జడ్జిగారు తీర్పులో మెచ్చుకున్నారు కూడా. ఆ మేస్త్రీ కోసం కార్యదర్శి ఎండలో పడి ఎన్ని ఊళ్లు తిరిగాడో అతనికే తెలుసు. ఇన్నేళ్ల ప్రాక్టీసులో నిఖార్సయిన గెలుపు అదొక్కటే. అతని కళ్లు చెమర్చాయి.

వరండాలో అత్తగారు ఎదురొచ్చింది. "ఎంత బాగా నటించారు అల్లుడుగారూ! అంతమందిలో ఎవరికీ అనుమానం రాలేదు!"

"నటన కాదత్తయ్యగారూ! మేస్త్రీని నేను అడిగిన ప్రశ్నలు..."

"మేస్త్రీదేముంది లెండి!" అందావిడ, ఆప్యాయంగా.

మర్నాడు పొద్దున ఆఫీసు తెరిచేసరికి బయట జనం బారులు తీరి ఉన్నారు. అందరికంటే ముందు నిలబడ్డది ఎవరు? ఆ పక్కింటివాడే!

"మా తమ్ముడి మీద కేసు వెయ్యాలి సార్. మీరే వెయ్యాలి."

"నిన్న నీ ఎదురుగానే చెప్పాను కదయ్యా, జడ్జిగారికీ నాకూ ఏమీ లేదని!"

"చెప్పారు సార్! విన్నాం! కాలు తొక్కినా జడ్జిగారు కోప్పడలేదంటే ఎంత చనువుండాలి!"

కార్యదర్శి నోరు తెరిచాడు. మేస్త్రీ గురించి చెబుదామనుకున్నాడు. ఎండలో తిరిగిన ఊళ్ల గురించి, రాత్రుళ్లు కూర్చుని రాసుకున్న ప్రశ్నల గురించి చెబుదామనుకున్నాడు. బయట జనాన్ని చూశాడు. వాళ్లలో ఒక్కడికీ మేస్త్రీతో పనిలేదు.

"నిజంగా జడ్జిగారితో నాకు పరిచయమే లేదయ్యా," అన్నాడు.

ఆ మాట అక్షరాలా సత్యం. కాకపోతే, అనేముందు లేచి వెళ్లి, రహస్యం చెప్పబోయేవాడిలా తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.